నాలుగో కాపీ

శనివారం పొద్దున్నే కబాహుమా నానబెట్టిన బీన్స్ గింజలకు తొక్కలు తీస్తూ కూర్చుంది. తొక్క తీసిన గింజల పులుసు, ఫిరిండా అంటే మొగుడు బగూమాకి ప్రాణం. పులుసులో ఒక్క తొక్క కనిపించినా కంచం పక్కకు నెట్టేస్తాడు. గింజ గింజా గోటితో ఒలవాలి, అదీ మూడింటికి లైబ్రరీలో పుస్తకచర్చ మొదలయ్యేలోపే. పద్నాలుగేళ్ళ సంసారంలో ఎన్ని బస్తాలు ఒలిచిందో గానీ, దాన్ని పని అన్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు. లైబ్రేరియన్ ఉద్యోగానికీ అదే మర్యాద. "పుస్తకాలు దులపడానికి అలసటేమిటి అబ్వోలీ?" అంటాడు బగూమా. అబ్వోలి ఆమె ముద్దుపేరు. మా టోరో సీమలో అందరికీ ఒకటుంటుంది. ఆ పేరుతో పలకరించకపోతే మొహం మీద తలుపు వేసినట్టే.

సరిగ్గా ఆ తలుపే కిందటి శనివారం, చర్చకొచ్చే స్నేహితురాలు కెమిగీసా మొహం మీద వేసింది కబాహుమా. పది రోజుల కిందట లైబ్రరీ కమిటీకి సంతకం లేని టైపు ఉత్తరం వచ్చింది. లైబ్రేరియన్ ఆడవాళ్ళను పోగేసి చెడగొడుతోందట. సోమవారం సంజాయిషీ ఇవ్వాలనీ, లేకపోతే చర్చలు ఆగిపోతాయనీ చెప్పి, ఛైర్మన్ నకలు చేతిలో పెట్టాడు. వారమంతటిలో ఆమె మాట చివరిదాకా వినేవాళ్ళుండేది ఆ రెండు గంటలే. చర్చలో కెమిగీసా సరదాగా అన్న మాట ఉత్తరంలో పొల్లుపోకుండా ఉంది: "ముందు బస్సు చార్జీ దాచుకోవాలి, ఏడుపు తర్వాత." గదిలో ఉన్నవాళ్ళు తప్ప ఆ మాట ఎవరికి తెలుస్తుంది? ఇంటికొచ్చి బాధపడితే బగూమా ఎన్నడూ లేనిది తనే టీ కలిపిచ్చాడు. "ఆ కెమిగీసాతో జాగ్రత్త. మొగుడు చర్చిలో పెద్ద కదా, తన మీదికి రాకుండా ముందే రాయించుంటుంది" అన్నాడు. ఆ టీ తీపిలో అనుమానం గొంతు దిగిపోయింది. ఆ శనివారం చర్చలో అందరినీ ముద్దుపేర్లతో పిలిచి, కెమిగీసాను మాత్రం "శ్రీమతి కెమిగీసా" అంది. కెమిగీసా మొహం పాలిపోయింది. "నా పేరు అద్యేరి. మరిచిపోయావా?" అని మెల్లగా అడిగి, టీ ముట్టకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు చేతులు కడుక్కుని ఆ నకలు మళ్ళీ తీసింది. చర్చలో చదివిన నవల గురించి అందులో, "కథ చివర ఆ దర్జీ ఆడది మొగుణ్ణి వదిలి బస్సెక్కుతుంది. అంతటితో అయిపోతుంది, బుద్ధి చెప్పేవాడే ఉండడు" అని ఉంది. కబాహుమా అక్కడే ఆగిపోయింది. కథ అంతటితో అవదు. చివరి కాగితం మీదే కదా చర్చలో గంటసేపు కొట్టుకున్నారు. లైబ్రరీలో ఆ నవల ఎనిమిది కాపీలుంటే నాలుగో నంబరుకే ఆ కాగితం చిరిగి ఊడిపోయింది. చిరిగిన పుస్తకాన్ని పాఠకులకు ఇవ్వకూడదు. అందుకే ఆ కాపీని, కార్డు మీద తన పేరు రాసుకుని, ఆమె తన సంచిలోనే పెట్టుకుంది. కెమిగీసా మాట రాసుకున్న నోటుపుస్తకమూ ఆ సంచిలోనే ఉంది. ఆ సంచి రోజూ వేలాడేది మంచం పక్కన మేకుకే.

ఆమెకు ముందు మొగుడి మీద కోపం రాలేదు, తన మీద సిగ్గేసింది. ఊరందరినీ అనుమానించి, పక్కలో పడుకున్నవాణ్ణి వదిలేసింది. ఒక కప్పు టీకి స్నేహితురాలిని అమ్మేసుకుంది.

సగం గింజలు తొక్కతోనే ఉండగా గిన్నె తీసుకెళ్ళి బగూమా ఒళ్ళో పెట్టింది. "మిగతావి మీరు ఒలుచుకోండి. నేను అద్యేరి ఇంటికెళ్ళి, ఆమెను వెంటబెట్టుకుని చర్చకు వెళ్తున్నాను" అంది. అతను నోరు తెరిచేలోగా నాలుగో కాపీ ఎత్తి చూపింది. "సోమవారం దీన్ని కమిటీ ముందు పెడతాను. చివరి కాగితం లేని కాపీ ఇదొక్కటే. ఎవరింట్లో ఉందో కార్డు మీదే రాసుంది."

అతను ఒక గింజ తీసి గోటితో గీరాడు. ఆమె చెప్పులేసుకుని గుమ్మం దాటుతుంటే, ఉండబట్టలేక అడిగాడు.

"అయితే ఆ దర్జీ ఆడది తిరిగొస్తుందా?"

"వస్తుంది," అంది కబాహుమా. "కుట్టుమిషన్ తీసుకెళ్ళడానికి."