కుచ్చులు కోసిన చేయి

ఆర్డెల్లా పింక్‌స్టన్ ఆ శనివారం పెందలాడే లేచి, ఈస్టర్ పండక్కి తప్ప బయటికి తీయని తెల్ల సూటు ఇస్త్రీ చేసుకుంది. దాని మీదికి నీలం టోపీ, నీలం చేతితొడుగులు. డెబ్బై మూడేళ్ళొచ్చినా మనిషి ఇంకా వంగలేదు. ఆమె ప్రాస్పెక్ట్ అవెన్యూ మీద నడుస్తుంటే బస్సు కోసం కూర్చున్న మగాళ్ళు కూడా నడుం నిటారు చేసుకుంటారని కాన్సస్ సిటీ తూర్పు పేటల్లో చెప్పుకుంటారు. చెప్పుకోరూ మరి! నలభై ఆరేళ్ళుగా ఆ పేటల ఆడపిల్లలకి డ్రమ్ముల మోతకి కవాతు నేర్పిన మనిషి. ఆమె జట్టు పేరు పెర్ల్స్. తెల్ల బూట్లు, వాటికి నీలం కుచ్చులు. ఏ ఊరేగింపులోనైనా ఆ బూట్లు కనబడితే జనం తోసుకుంటూ ముందుకొచ్చేవారు.

నల్లవాళ్ళ జీవితాల మీద తీసిన డాక్యుమెంటరీలన్నీ ఒకచోట చేర్చి నగరంలో ఏటా అక్టోబరులో ఉత్సవం చేస్తారు. ఈసారి ముగింపు సినిమా పెర్ల్స్ మీద. తీసింది రెనీటా ఓవర్‌బీ. చిన్నప్పుడు పెర్ల్స్‌లో మూడో వరుసలో నడిచిన పిల్ల. ఆర్డెల్లా కెమెరా ముందు కూర్చుని రెండు గంటలు మాట్లాడింది. సినిమా అయ్యాక సన్మానం కూడా ఉందని ఉత్సవంవాళ్ళు ఉత్తరం రాశారు.

మధ్యాహ్నం లవీ స్ట్రిక్లండ్ కారు తీసుకుని వచ్చింది. మొదటి రోజు నుంచీ జట్టుకి బట్టలు కుట్టిన మనిషి లవీ. ఆర్డెల్లాకి ప్రాణ స్నేహితురాలు. ఆర్డెల్లా చేసిన బిస్కెట్లు రెండు తిని, కాఫీ తాగి, కారెక్కాక మాత్రం నోరు మెదపలేదు.

"ఏమే, పన్ను పీకించుకున్నావా? మాటల్లేవు," అంది ఆర్డెల్లా.

"రాత్రి సరిగా నిద్రపట్టలేదు డెల్లా."

"సన్మానం నాకైతే నిద్ర పట్టంది నీకా!"

లవీ నవ్వలేదు. రెండు వీధులు దాటాక అంది. "ముందుగా ఓసారి ఆ సినిమా చూపించమని అడగాల్సింది నువ్వు."

"అడగడం దేనికి? నా చేతిలో పెరిగిన పిల్ల. నేను రాసిచ్చిన ఉత్తరం పట్టుకునే కాలేజీ గుమ్మం ఎక్కింది. దాన్నీ నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మను?"

లవీ కారు వేగం పెంచింది.

హాలు కిటకిటలాడుతోంది. వెనక వరుసల్లో పాత పెర్ల్స్ తల్లులు టోపీలు పెట్టుకుని బారుగా కూర్చున్నారు. ఉత్సవం నడిపే కార్విన్ అనే కుర్రాడు ఆర్డెల్లాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి వరుసలో కూర్చోబెట్టాడు. లవీ పక్కనే కూర్చుంది. రెనీటా ఆ వరుసకి అటు చివర నిలబడి ఉంది. నలభై మూడేళ్ళ మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఆర్డెల్లా చెయ్యి ఊపితే తల పంకించింది గానీ దగ్గరికి రాలేదు.

మొదటి ఇరవై నిమిషాలు ఆర్డెల్లా ఉబ్బిపోయింది. తెర మీద తన పిల్లలు, తన డ్రమ్ములు, తన వీధి. తెర మీది ఆర్డెల్లా "మా పేటలో ఆడపిల్ల తలెత్తుకుని నడిచిందంటే ఎవరి పుణ్యం?" అనగానే హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత పోస్టాఫీసు చొక్కా తొడుక్కున్న ఒకామె తెర మీదికొచ్చింది. "నా కుచ్చులు కోసినప్పుడు నాకు పన్నెండేళ్ళు," అంది.

జట్టులోంచి పిల్లని తీసేసినప్పుడల్లా ఆర్డెల్లా చేసే పని అది. పిల్లని కుర్చీ ఎక్కించి, అందరి ముందూ బూట్ల కుచ్చులు కత్తెరతో కోసేది. జట్టంతా వెనక్కి తిరిగి నిలబడాలి. ఆలస్యంగా వచ్చినందుకు ఒకరికి, ఎదురు చెప్పినందుకు ఒకరికి, మగపిల్లాడి కారెక్కినందుకు ఇంకొకరికి. ఆరుగురు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఒకామె నవ్వుతూ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

ఏడో మనిషి లవీ.

తెర మీది లవీ తన వంటింట్లో కూర్చుని ఉంది. "కత్తెర నా దగ్గరుండేది. ఆవిడ చెయ్యి చాపితే అందించేదాన్ని. డెనీస్ సంగతి ముందు తెలిసింది నాకే. గౌను కొలత తీస్తుంటే నడుం దగ్గర పట్టలేదు. నేనే వెళ్ళి డెల్లాకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది."

ఆర్డెల్లా మెల్లగా పక్కకి తిరిగింది. లవీ తెరనే చూస్తోంది.

"కుట్టుపని గురించి అడిగారని చెప్పావు," అంది ఆర్డెల్లా గొంతు తగ్గించకుండా.

"అదీ అడిగారు."

డెనీస్ రెనీటాకి అక్క. పెర్ల్స్‌లో మొదటి వరుసకి ముందు నడిచేది. పంతొమ్మిది వందల తొంభై రెండు వసంతంలో ఆమెకి పదిహేనేళ్ళు, కడుపులో నాలుగో నెల. స్కూలు జిమ్‌లో అరవై మంది పిల్లలూ, వాళ్ళ తల్లులూ చూస్తుండగా ఆర్డెల్లా ఆమెని కుర్చీ ఎక్కించింది. కుచ్చులు రాలాక డెనీస్ బూట్లు విప్పి అక్కడే వదిలేసి మేజోళ్ళతో బయటికి నడిచింది. వేసవి రాకముందే ఓమాహాలో ఎవరో చుట్టం ఇంటికి పంపేశారు. మళ్ళీ ఈ ఊరు రాలేదు. మొన్న మార్చిలో ఓమాహాలోనే పోయింది.

"వెనక్కి తిరగమంటే నేనూ తిరిగాను," అంది సినిమాలో రెనీటా గొంతు. "నాకు పదకొండేళ్ళు. మా అక్క ముఖం చూడకుండా గోడ చూశాను."

దీపాలు వెలిగాయి. చప్పట్లు మొదలై హాలంతా పాకాయి. జనం లేచి నిలబడ్డారు. ఆర్డెల్లా మాత్రం లేవలేదు. కార్విన్ రెనీటాని వేదిక మీదికి రప్పించి, మైకు పట్టుకుని, "ముందుగా మన దర్శకురాలికి..." అంటుండగా ఆమె లేచింది. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.

"రెనీటా! నా ముఖం చూసి చెప్పు. నన్ను సన్మానానికి పిలిచావా, బోనెక్కించడానికి పిలిచావా?"

హాలు సద్దుమణిగింది. రెనీటా వేదిక మీదినుంచే చెప్పింది. "పిలిచింది ఉత్సవంవాళ్ళు, ఆర్డెల్లా. నేను పిలవలేదు."

వెనకనుంచి ఎవరో 'అమ్మో' అన్నారు. ఆ పేటల్లో పెరిగిన పిల్ల ఎంత పెద్దదైనా 'మిస్ ఆర్డెల్లా' అనాల్సిందే. ముందు మాట తీసేసి పిలవడం చెంప మీద కొట్టడంతో సమానం.

"మిస్ ఎక్కడ పారేశావే?"

"అక్క బూట్లు వదిలేసిన చోటే."

"తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! నేను ఉత్తరం రాయకపోతే నీకు కెమెరా ఎక్కడిది? ఈ వేదిక ఎక్కడిది?"

"ఉత్తరం రాశారు, కాదన్లేదు. సినిమాలో అదీ చెప్పాను. చేతికిచ్చేటప్పుడు ఏమన్నారో కూడా చెప్పమంటారా? 'మీ అక్కలా తయారవకు' అన్నారు. మా అమ్మ పక్కనే ఉంది. నోరెత్తకుండా 'థాంక్యూ మిస్ ఆర్డెల్లా' అంది."

ఆర్డెల్లా చేతితొడుగులు పీకి కుర్చీలో పడేసింది. "ఆ ఏడాది మన నాలుగు వీధుల్లో ఎన్ని ఇళ్ళల్లో మత్తుమందు అమ్మేవారో నీకు తెలుసా? నీకేం తెలుస్తుంది, ముక్కు కారుతుండేది. అరవై మంది పిల్లల్ని ఆ వీధుల్లోంచి కాపాడుకుంటూ వచ్చాను. ఒక్కదాన్ని ఉపేక్షిస్తే మిగతా తల్లులందరూ పిల్లల్ని మానిపించేస్తామన్నారు. వెళ్ళగొట్టమన్నది వాళ్ళే! అదిగో, వెనకాల కూర్చున్నారు. బెర్నీస్ గేట్‌వుడ్! లేచి చెప్పు, నువ్వు అన్లేదూ?"

వెనక వరుసలో ఊదా టోపీ పెట్టుకున్న ముసలామె కర్ర ఆన్చుకుని లేచింది. "అన్నాను. వెళ్ళగొట్టమన్నాను. కుర్చీ ఎక్కించమన్లేదు."

కొందరు నవ్వారు. అది మంచి నవ్వు కాదు. ఒక మూలనుంచి "కూర్చోవమ్మా ఇంక!" అని ఎవరో అరిచారు. ఇంకో మూలనుంచి, "ఆవిడ లేకపోతే నా కూతురు నర్సయ్యేది కాదు, నువ్వు నోర్ముయ్!" అని ఒక తల్లి లేచింది. ఆ ఇద్దరూ కుర్చీల మీదుగా తిట్టుకోవడం మొదలెట్టారు. కార్విన్ మైకులో "దయచేసి, దయచేసి" అంటూనే ఉన్నాడు.

అప్పుడు మధ్య వరుసలోంచి ఒక ఆడమనిషి లేచి నడవాలోకి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. పొడుగ్గా ఉంది. ఆమె ఎవరో ఆర్డెల్లాకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ భుజాలు తనకి తెలుసు.

"నా పేరు ఒనైడా. డెనీస్ కూతుర్ని. గొడవకి రాలేదండీ. ఒక్కటే అడుగుతాను," అంది. "మా అమ్మ ఎక్కడికెళ్ళిందో మీరు ఎప్పుడైనా ఎవర్నైనా అడిగారా?"

ఆర్డెల్లా ఆమెకి ఎదురుగా తిరిగింది.

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

"ఎందుకని?"

ఆర్డెల్లా తన కుర్చీ వీపు పట్టుకుంది. "అడిగితే చెప్తారు. చెప్తే వెళ్ళి తీసుకురావాల్సొస్తుంది. అందుకని."

"మా అమ్మ మాత్రం ప్రతి ఊరేగింపు టీవీలో చూసేది. మీరు కనబడితే సౌండు పెంచేది," అంది ఒనైడా. క్షమించానని గానీ, క్షమించనని గానీ అనలేదు. వెళ్ళి తన చోట కూర్చుంది.

ఏం చేయాలో తోచక కార్విన్ సన్మాన ఫలకం తెచ్చి ఆర్డెల్లా చేతికివ్వబోయాడు. ఆమె దాన్ని వెనక్కి తోసేసింది. "ఎవరికిస్తావో ఇచ్చుకో," అని టోపీ సర్దుకుని నడవా పట్టుకుని నడిచింది. ఆమె నడుస్తున్నంతసేపూ కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఛీకొట్టారు.

లవీ ఆయాసపడుతూ కారు దగ్గరికి వచ్చింది. ఆర్డెల్లా అక్కడే నిలబడి ఉంది గానీ కారెక్కడానికి కాదు.

"మధ్యాహ్నం నా బల్ల దగ్గర కూర్చుని నా బిస్కెట్లు తిన్నావు. అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు వచ్చేదానివి కాదు."

"రానిచ్చావు. వచ్చి అందరి ముందూ కుర్చీ ఎక్కాలని!"

లవీ ఏడుస్తూనే అంది. "ముప్పై ఏళ్ళు అందించాను డెల్లా ఆ కత్తెర. ఒక్కరోజైనా 'ఇవ్వను' అంటే నువ్వు నన్నూ వెళ్ళగొట్టేదానివి. అంత భయం నువ్వంటే. స్నేహితురాలినట, నేను!"

"మరి భయం పోయిందిగా. ఇంక నా గుమ్మం తొక్కకు."

"తొక్కన్లే. కారెక్కు, ఇంటి దగ్గర దింపుతాను. ఎనిమిది మైళ్ళు నడుస్తావా?"

"నడక నాకు కొత్తా?" అని ఆర్డెల్లా బస్ స్టాపు వైపు వెళ్ళిపోయింది. బస్సు ముప్పావుగంటకి గానీ రాలేదు. స్టాపులో కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు సినిమా చూసి వచ్చినవాళ్ళే. ఆమెని గుర్తుపట్టి ఒకడు రెండోవాడి చెవిలో ఏదో అన్నాడు. ఆమె వాళ్ళ వైపు తిరిగి, "ఏదైనా ఉంటే గట్టిగా చెప్పు," అంది. వాడు తల దించుకున్నాడు.

ఆ వారమంతా ఫోను మోగుతూనే ఉంది. కొందరు ఓదార్చారు, ఇద్దరు తిట్టారు, ఒకామె ఏమీ అనకుండా ఏడ్చి పెట్టేసింది. రెనీటా ఫోను చేయలేదు, లవీ చేయలేదు. గురువారం ఆర్డెల్లానే ఉత్సవం ఆఫీసుకి ఫోను చేసి ఒనైడా చిరునామా అడిగింది. ఆమెని అడిగి చెప్తామన్నారు. ఇవ్వొద్దని ఒనైడా అందని శుక్రవారం చెప్పారు.

శనివారం పొద్దున చర్చి కింది హాల్లో ఎప్పటిలాగే జట్టు సాధన. ముప్పై ఎనిమిది మంది పిల్లలు రావాలి. తొమ్మిది మంది వచ్చారు. డ్రమ్ముల వాళ్ళలో ఒక్కడే వచ్చాడు. పిల్లల వెనకే ఐదుగురు తల్లులు లోపలికొచ్చి, చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. సాధన జరిగేటప్పుడు తల్లులు లోపలికి రాకూడదని మొదటి రోజు నుంచీ ఉన్న నియమం. పిల్లల కళ్ళు ఆర్డెల్లా ముఖం మీదున్నాయి.

"మీరు బయట ఉండాలి," అంది ఆర్డెల్లా.

"మేం ఇక్కడే ఉంటాం," అంది ఒక తల్లి. చిన్న వయసుదే. ఒకప్పుడు రెండో వరుసలో నడిచిన పిల్లే. "ఉండనివ్వకపోతే మా పిల్లల్ని తీసుకుని పోతాం. మీ ఇష్టం, మిస్ ఆర్డెల్లా."

ఆర్డెల్లా ఆమెని పైనుంచి కిందికి చూసింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"పక్క గదిలో కుర్చీలున్నాయి. తెచ్చుకుని కూర్చోండి."

"కుర్చీలు మాకొద్దు," అంది ఆ తల్లి.

ఐదుగురూ అలాగే నిలబడి ఉన్నారు. ఆర్డెల్లా పిల్లల వైపు తిరిగి, తొమ్మిది మందినీ ఒక్క వరుసలో నిలబెట్టి, డ్రమ్ము మొదలెట్టమంది.