ప్రార్థన పురుగు పిల్లలు

పుల్ల మీదికి ఎక్కబోతున్న చీమను జక్రయ్య నోటితో ఊదాడు. చూరుకు వేలాడదీసిన తుమ్మ పుల్లలకు గొల్లభామ గుడ్ల తిత్తులు ఎండిన నురుగు ముద్దల్లా అంటుకుని ఉన్నాయి. ఇరవై రోజులుగా తెల్లారగానే అతనికి ఇదే పని. చీమలు పడితే తిత్తిలో పిల్లలు మిగలవు.

ఊరంతా గొల్లభామ అంటుంది గానీ, ముందుకాళ్లు జోడించి నిలబడుతుందని జక్రయ్య దాన్ని ప్రార్థన పురుగు అంటాడు.

"ఆదివారం చర్చికి రమ్మంటే నడుం నొప్పంటావు. నీకంటే ఆ పురుగు నయం, రోజూ ప్రార్థన చేసిద్ది," అంది భార్య పున్నమ్మ.

"నా తరఫున కూడా అదే చేసిద్దిలేవే."

పన్నెండేళ్లుగా జక్రయ్య పత్తి చేలల్లో మందు కొట్టే కూలి. వీపున పంపు, ముక్కుకు తువ్వాలు. అతను సాలు వెంట నడిచిపోతే పచ్చపురుగుతో పాటు ఈ ప్రార్థన పురుగులూ రాలిపోయేవి. నిరుడు ఎంత మందు కొట్టినా తెల్లదోమ పోలేదు, దాన్ని తినే పురుగులు మాత్రం పోయాయి. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది అతనే. ఈసారి రైతు చెంచయ్యను బతిమాలి, పర్చూరు డొంకదారి పక్కన పావెకరం మందు లేకుండా ఆపించాడు. ఇప్పుడక్కడ పేనుబంక రసం పీల్చి ఆకుల్ని ముడిచేస్తోంది.

"రేప్పొద్దుగూకేలోపల నీ పిల్లలు చేలోకి దిగకపోతే, ఎల్లుండి నీ చేతే మందు కొట్టిస్తా జక్రయ్యా," అని చెంచయ్య నిన్ననే తేల్చి చెప్పాడు.

ఎండ చూరు కిందికి వచ్చేసరికి మొదటి తిత్తి కదిలింది.

"ఒసేయ్, ఇటు రావే!"

సన్నటి దారాలకు వేలాడుతూ ఒకటి, పది, ఇక ఆగకుండా పిల్లలు. ఒక్కోటీ దోమంత. ఒంటి పొర విదిలించుకుని, తలలు తిప్పి చూశాయి. తర్వాత మిగతా తిత్తులూ విచ్చుకున్నాయి. మధ్యాహ్నానికి వాటి ఒళ్లు ఆరగానే, ఎండుగడ్డి వేసిన ముంతలోకి దులిపి, మూతికి చీర గుడ్డ కట్టి చేనుకు బయలుదేరాడు.

మొక్క విడిచి మొక్కకు కోడి ఈకతో ఒక్కో పిల్లను దించాడు. పంపు పట్టీలు ఒరిసి కాయలు కాసిన భుజాల మనిషి. ఆ చేతిలో అంత సుతారం ఎక్కడ దాగిందో! గట్టు మీది చెంచయ్యకు కోపం పోయి ముచ్చటేసింది.

"అన్నం తినిరారాదూ?"

"అవి ఆగవండి. ఆకలేస్తే తోబుట్టువని చూడవు, తినేస్తయ్యి."

పొద్దు వాలేసరికి మూడు సాళ్లు మిగిలాయి. జక్రయ్య గుండె రుద్దుకుంటూ, కాసేపు అలుపు తీర్చుకుందామన్నట్టు మొక్కల మధ్య కూర్చున్నాడు. చెంచయ్య పిలిస్తే పలకలేదు. దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు. ప్రాణం లేదు. ఒళ్లో ముంత మాత్రం ఒరగకుండా ఉంది.

కబురు విని పాలెం నుంచి పున్నమ్మతో పాటు అతని వాళ్లు వచ్చి, అతన్ని మంచం మీద మోసుకుపోయారు. పున్నమ్మ ఏడుస్తూనే వెనక్కి తిరిగింది.

"మిగిలినయ్యి ఏం చేస్తారండీ?"

చెంచయ్య ముంత అందుకున్నాడు. పంచె ఎగ్గట్టి, ఈక తీసుకుని మొక్క దగ్గర వంగాడు. మూడు సాళ్లూ అయ్యేసరికి వెలుతురు పోవచ్చింది. మర్నాడు ఆ చేలోకి మందు పంపు రాలేదు.

పిల్లలు కాలికింద పడతాయేమోనని జక్రయ్య విప్పిన టైరు చెప్పులు మాత్రం, మడమల దగ్గర అరిగి, నల్లమట్టి అంటి, గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి.