వంటింటి అరల మీద ఎర్ర గీతలు

తనిఖీకి ఎవరో వస్తున్నారని తెలిస్తే సైనికుడు చేసే మొదటి పని రంగు డబ్బా మూత తీయడం. కొలువు వదిలి ఏళ్ళు గడిచినా ఆ అలవాటు వదలదు. ఆమె కళ్ళద్దాల దుకాణంలో పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి భర్త వంటగదిలో ఉన్నాడు. చేతిలో కుంచె, ముక్కు మీద తెల్లరంగు, ముఖంలో పెళ్ళైన కొత్తలో చూసిన వెలుగు. గోడ, అరలు, పొయ్యి గట్టు అన్నీ పాలతో కడిగినట్టు మెరిసిపోతున్నాయి.

"ఎలా ఉంది? రేపు వాళ్ళు వేలితో రాసి చూసినా దుమ్ము దొరకదు!"

ఆమె అరలన్నీ ఒకసారి వెతికి చూసింది. "గీతలేవండీ?"

"కొట్టేశాను. పెద్దవాళ్ళు వస్తుంటే ఆ పిచ్చిగీతలేంటి, పరువు తక్కువ."

ఆ గీతల సంగతి చెప్పాలి. అతను సైన్యంలో బండ్లు బాగుచేసే మెకానిక్. తోటివాళ్ళు 'పానా' అని పిలిచేవారు. వాళ్ళ మరమ్మతు షెడ్డులో గోడకు తగిలించిన ప్రతి పనిముట్టు చుట్టూ దాని ఆకారంలోనే ఎర్రగీత గీసి ఉండేది. ఏది చోటు తప్పినా గోడే చెప్పేది. రోడ్డు మీద జరిగిన పేలుడులో తల అదిరిపోయి ఇంటికి వచ్చాక, అతనికి చక్కెర ఎక్కడుందో, పొయ్యి ఆపాడో లేదో గుర్తుండేది కాదు. మాటలతో చెప్పి చెప్పి అలిసిపోయిన ఆమెకు ఒకనాడు అతను చెప్పిన షెడ్డు గోడ గుర్తుకొచ్చింది. చక్కెర డబ్బాకు ఒక గుండ్రం, అగ్గిపెట్టెకు చిన్న పలక ఆకారం, పొయ్యి మీట ఆపినప్పుడు ఎటు తిరిగి ఉండాలో చూపే అడ్డగీత, అన్నీ ఎర్రరంగుతో గీసింది. మనసు మరిచిన వాటిని కన్ను పట్టుకునేది. అతను మళ్ళీ తన చేత్తో టీ పెట్టుకోగలిగాడు. ఆ ఇంట్లో అది చిన్న విజయం కాదు.

వైద్యుల మాటకు వస్తే, స్కానులో ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే స్కానుకు కనిపించలేదని మాత్రమే అర్థం. దానిని జబ్బే లేదన్న తీర్పుగా బంధువులు తీసుకున్నారు. అతని అక్క మాత్రం ఊరుకోక, తలకు పెట్టుకుంటే మెదడు సర్దుకుంటుందని ఎవరో నమ్మబలికితే అయస్కాంతాల టోపీ ఒకటి కొనుక్కొచ్చింది. భార్య నెల్లాళ్ళు పెట్టించి చూసింది. అతని తలనొప్పి తగ్గలేదు కానీ, దుకాణంలో కిందపడిన కళ్ళద్దాల మరమేకులు ఏరడానికి ఆ టోపీ అద్భుతంగా పనికొచ్చింది.

గీతలతో నెగ్గుకురాలేనివీ ఉన్నాయి. కుక్కరు కూత పెడితే అతను బల్ల కిందకు దూరేవాడు. అందుకే దానిని అటకెక్కించింది. నిద్రలో అరిచేవాడు. ఉన్నట్టుండి కోపం వచ్చి, అది దిగాక పసివాడిలా ఏడ్చేవాడు. ఈమధ్య వీధి చివరి దుకాణానికి వెళ్ళి, తిరిగి ఇల్లు ఏ వైపో తెలియక నిలబడిపోయాడు. ఇక ఒంటరిగా వదలడం కుదరదు. వదలకుండా ఉండాలంటే ఆమె ఉద్యోగం మానాలి, మానితే ఇల్లు గడవదు.

అటువంటప్పుడు తెలిసింది మాజీ సైనికుల సహాయ సంఘం గురించి. దాతల విరాళాలతో తలగాయాలకు, మనసు గాయాలకు ఒక చికిత్సాలయం నడుపుతున్నారు. పడకలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. అందుకని మనిషిని ఇంట్లో చూసి, అవసరం ఎంతో తేల్చుకున్నాకే చేర్చుకుంటారు. ఆ చూడటానికే రేపు వస్తున్నారు. చూడవలసినదంతా అతను రంగు వేసి కప్పేశాడు.

మళ్ళీ గీద్దామని నోటిదాకా వచ్చింది. కుంచె కడుగుతూ ఈల వేస్తున్న మనిషిని చూసి మింగేసింది.

మర్నాడు వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన రిటైరైన కెప్టెన్, ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. రెండో ఆవిడ చికిత్సాలయంలో పెద్ద నర్సు. వాళ్ళకంటే ముందే ఆడపడుచు వచ్చి కుర్చీ ఆక్రమించింది. అతను ఇస్త్రీ చొక్కాతో, నున్నగా గొరిగిన గడ్డంతో, గీత గీసినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"షెడ్డులో నిన్ను పానా అనేవారట కదూ. నిద్ర పడుతోందా?" అని ఆమె పంపిన అర్జీ చూస్తూ కెప్టెన్ అడిగాడు.

"బాగా పడుతోంది సార్."

"తలనొప్పి?"

"లేదు సార్."

"కోపం, మరుపు, ఏమైనా?"

"ఏమీ లేవు సార్. అంతా సవ్యంగా ఉంది సార్."

"మా తమ్ముడికేం సార్, గుండ్రాయిలా ఉన్నాడు!" అంది ఆడపడుచు. "పనీపాటా లేక కాస్త పరధ్యానం, అంతే. నేను తెచ్చిన టోపీ సరిగ్గా పెట్టుకుని ఉంటే అదీ పోయేది."

"ఏం టోపీ అమ్మా?" అంది నర్సు.

"ఆ టోపీ ఉద్యోగంలో చేరిందిలెండి" అంది ఆమె. ఎవరికీ అర్థం కాలేదు. నవ్వించాలని అన్న మాటా కాదు. అధికారి ముందు సైనికుడు చెప్పగలిగిన జవాబు ఒక్కటే, అది అతను చెప్పేశాడు. కాదని తను నోరు విప్పితే అందరి ముందూ మొగుణ్ణి అబద్ధాలకోరును చేసినట్టవుతుంది. విప్పకపోతే ఆ పడక ఇంకొకరిది. వాళ్ళకూ అవసరమే, కాదనలేదు. కానీ తన ఇల్లు తనకు తెలుసు.

నర్సు వెళ్ళడానికి చేతిసంచి జిప్పు వేస్తోంది.

"ఏవండీ" అంది ఆమె. "సార్‌కీ మేడమ్‌కీ టీ మీరే పెట్టండి. మీ చేతి టీ బాగుంటుంది."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో ఒక్క క్షణం పాత మెకానిక్ కనిపించాడు, ఇంజను శబ్దం వింటే చాలు లోపం ఎక్కడుందో కనిపెట్టేవాడు. వంటగదిలోకి నడిచాడు.

"చోద్యం కాకపోతే, వాడెందుకమ్మాయ్, నేను లేనూ?" అంటూ ఆడపడుచు లేవబోయింది.

"కూర్చోండి వదినా."

ఆ గొంతు ఆవిడ ఎన్నడూ వినలేదు. కుక్కిన పేనులా కూర్చుంది.

ఆమె వెళ్ళి వంటగది గుమ్మంలో నిలబడింది, పొయ్యి చేతికందేంత దగ్గరలో. అతను గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. మీట తిప్పాడు. అగ్గిపెట్టె కోసం చేయి చాపితే, ఎర్రని పలక ఉండవలసిన చోట తెల్లదనం. పక్కన తెల్లదనం. పైన తెల్లదనం. ఒక డబ్బా తీశాడు, ఉప్పు. మరొకటి తీశాడు, పప్పు. మొదటిది ఎక్కడ నుంచి తీశాడో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. పొయ్యి బుసకొడుతూనే ఉంది. గ్యాసు వాసన ముందుగదిలోకి పాకింది.

ఆమె మీట కట్టేసి కిటికీ తెరిచింది.

"కావాలనే పంపావు కదూ?" అన్నాడతను మెల్లగా.

"అవునండీ. కోపం వచ్చిందా?"

"వచ్చింది." డబ్బాలు గట్టు మీద పెట్టి, అర మీద అరచేయి ఆనించాడు. "మా షెడ్డులో ఎవడైనా గోడ గీతల మీద రంగేసి ఉంటే తన్నేవాణ్ణి."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలగలిసి వచ్చాయి. అతను మాత్రం ఆలోచనలో పడ్డాడు. కొలువులో ఉండగా, లోపమున్న బండిని షెడ్డు దాటనిచ్చిన పాపం అతను ఎరగడు. డ్రైవరు "నడుస్తుందిలే పానా" అన్నా, పైఅధికారి కళ్ళెర్రజేసినా, బండి కదలకూడదన్న గుర్తుగా స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టేవాడు. ఈ కథ ఆమె వందసార్లు విన్నది. ఇప్పుడు అతను దాన్ని తనలో తాను చెప్పుకుంటున్నాడని అర్థమై, గుమ్మానికి అడ్డు తొలగింది.

అతను ముందుగదిలోకి వెళ్ళి నిటారుగా నిలబడ్డాడు.

"సార్. ఇందాక ఇచ్చిన రిపోర్టు తప్పు సార్."

కెప్టెన్ అర్జీ పక్కన పెట్టాడు.

"బండి రోడ్డుకు పనికిరాదు సార్. ఎర్రగుడ్డ కట్టాలి సార్."

ఆడపడుచు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కెప్టెన్ లేచి, కాలు ఈడుస్తూ వచ్చి అతని భుజం మీద చేయి వేశాడు. "కూర్చో పానా. నిలబడి చెప్పే మాటలు కావివి."

"ఈయన మాత్రం తక్కువ తిన్నారా!" అంది నర్సు కెప్టెన్‌ను చూపిస్తూ. "మా దగ్గర చేరకముందు నేను మొదటిసారి చూడటానికి వెళ్తే చేతులు గజగజ వణుకుతున్నాయి. ఏంటి సార్ అంటే చలి అన్నారు. నడి ఎండాకాలంలో."

"చలిగానే ఉందావేళ" అన్నాడు కెప్టెన్ గంభీరంగా.

అప్పుడు మొదలుపెట్టి అతను చెప్పాడు. కుక్కరు కూత, నిద్రలో వచ్చే మంట వాసన, వీధి చివర దారి తప్పిన సాయంత్రం. మధ్యలో మాట తట్టక ఆగితే ఆమె అందించింది. ఆడపడుచు మొదటిసారి అడ్డురాకుండా విన్నది.

వెళ్ళేముందు నర్సు ఆమెను పక్కకు పిలిచింది. "చేర్చుకోవాలనే రాస్తాను. మీరు టీ పెట్టమనకపోతే నేను సంచి సర్దుకుని వెళ్ళిపోయేదాన్నమ్మా. ఒక్కటి చెప్పాలి. మా దగ్గర మంత్రాలేమీ ఉండవు. నిద్ర కుదుటపడవచ్చు, కోపం దారికి రావచ్చు. మరుపు మొత్తం పోతుందని మాటివ్వలేను."

"మాటివ్వనందుకే నమ్ముతున్నానండీ" అంది ఆమె. పూర్తిగా నయం చేస్తామన్నవాళ్ళు అమ్మిన టోపీ ఇంకా దుకాణంలోనే ఉంది.

వాళ్ళు వెళ్ళాక అతను ఎర్రరంగు డబ్బా దించాడు. ఆడపడుచు ఒక్కొక్క డబ్బానూ అర మీద కదలకుండా పట్టుకుంటే, అతను చుట్టూ గీశాడు.

"ఒరేయ్, నా వేలు కూడా గీసేస్తున్నావురా!"

"ఉండనీ అక్కా. నువ్వు చోటు తప్పితే తెలుస్తుంది."

చివర ఒక పెద్ద గుండ్రం గీసి, అందులో ఏమీ పెట్టకుండా వెనక్కి జరిగాడు.

"అదెవరికండీ?"

అతను అటక వైపు చూశాడు. "కుక్కరుకి."

అది ఎప్పుడు దిగుతుందో నర్సు చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. తడి ఆరేదాకా ఆ గుండ్రం మీద ఏదీ పెట్టవద్దని వదినగారికి చెప్పి, టీకి నీళ్ళు పెట్టింది.