ఎవరి గంట వాళ్ల ఫోన్లోనే

నా ఇంటర్వ్యూని చెరిపేసింది మావాళ్లంతా కలిసే. నొక్కిన వేలు ఒక్కరిదే కావచ్చు, ఆ ధైర్యం మాత్రం ఇంటిల్లిపాదీ ఇచ్చిందే.

మా ఇంటికంతా కలిపి ఫోన్లలో ఒకటే క్యాలెండర్. అత్తయ్య బీపీ మాత్ర, పిల్ల ట్యూషన్, ఆఖరికి మా ఆయన గడ్డం బ్లేడ్లు కొనాల్సిన రోజు కూడా అందులోనే. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చెరపొచ్చు. మోగేది మాత్రం నా ఫోన్ ఒక్కటే. "నీకైతే గుర్తుంటుంది కదా" అంటారు, అదేదో బిరుదైనట్టు. నాది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. సూది పట్టుకుని నరం వెతుకుతుంటే జేబులో గంట. "ఏంటమ్మా, బడి వదిలేశారా?" అని చెయ్యి చాచిన పెద్దాయన నవ్వాడు. సిగ్గుతో చచ్చి, నేనూ నవ్వాను.

ఆ ల్యాబులోనే ఇన్‌చార్జి పోస్టు పడింది. ఇంటర్వ్యూ తేదీ క్యాలెండర్లో రాసుకున్నాను. మర్నాటికి ఆ గడిలో 'కారు సర్వీసింగ్' అని ఉంది.

"నాదేమైంది?"

"ఒకదాని మీద ఒకటి పడ్డాయోయ్. గజిబిజిగా ఉందని తీసేశా. కారు నువ్వు ఇచ్చిరా. అయినా అలాంటివి కూడా ఇంటి క్యాలెండర్లో పెడతారా?" టీవీ మీంచి కళ్లు తిప్పలేదు మా ఆయన.

ఒళ్లు మండింది. ఆ మంటలోనే చల్లగా ఒకటి తట్టింది. నాది అందులో ఉండకూడదని ఆయనే తేల్చేశాడు. మరి వాళ్లవి నా జేబులో ఎందుకుండాలి?

నా తేదీకి ఏ గంటా అక్కర్లేకపోయింది. కారు కిందే వదిలేసి, ఫోన్ ఆపేసి బస్సెక్కాను. పోస్టు నాదేనని అక్కడే చెప్పేశారు.

తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. "కారు ఎవరు తీసుకెళ్తారనుకున్నావ్? ఫోనెందుకు తీయవు?"

"మీ పనులన్నీ నా ఫోన్లోంచి తీసేశా. గజిబిజిగా ఉంది."

"మరి అమ్మ మాత్రో?" గెలిచేసినట్టు అత్తయ్య వైపు చెయ్యి చూపించాడు.

"నన్ను మధ్యలోకి లాగకురా" అంది అత్తయ్య కుర్చీలోంచి. "నీకూ మీ నాన్నకూ నోటితో మోగీ మోగీ నా గొంతు పోయింది. అమ్మాయ్, ఆ గంట ఎలా పెట్టాలో చూపించు. నా మాత్ర నేనే మింగుతా."

ఎన్నాళ్లకో నా జేబు తేలిగ్గా ఉంది. నవ్వొచ్చింది, ఈసారి సిగ్గులేకుండా.

"అత్తయ్యకి చూపిస్తా. ముందు మీరు ఫోన్ తీయండి" అన్నాను ఆయనతో. "కారు, బ్లేడ్లు, పిల్ల ట్యూషన్, రేపటి వంట. ఇంకా ఏమున్నాయో నేను చెప్పను, మీరే గుర్తు తెచ్చుకోండి. కూర్చోవద్దు. నిలబడే రాయండి, ఇప్పుడే."