గీసినవారు

"పుట్టింటికి పోతే పో. ప్లాన్లు మాత్రం ఆగకూడదు" అన్నాడు శివప్రసాద్, నేను బ్యాగులో చీరలు సర్దుతుంటే.

పత్తికొండలో మా ఆయన పేరున్న ఇంజనీరు. ఇళ్ల ప్లాన్లు కంప్యూటర్లో గీసేది నేను. పొద్దున వంట, మధ్యాహ్నం గీతలు, సాయంత్రం మళ్లీ వంట. ప్రతి ప్లాను అడుగున రెండు గడులుంటాయి. 'ఇంజనీరు' గడిలో ఆయన పేరు. 'గీసినవారు' గడి తొమ్మిదేళ్లుగా ఖాళీ. ఒకసారి అడిగితే, "ఇంట్లో ఆడమనిషి గీసిందంటే పని ఎవడిస్తాడే?" అని నవ్వాడు. నన్ను పిలవాలన్నా "ఏమే", లేకపోతే "ఇదిగో".

మా పుట్టిల్లు కడప నుంచి కూడా పని చెయ్యడానికి వీపీఎన్ పెట్టమన్నదీ ఆయనే. నెట్‌లో చదువుకుంటూ మూడు రోజులు కుస్తీ పట్టాను. బయటి నుంచి మా ఇంటి కంప్యూటర్‌కు నాకొక్కదానికే తాళంచెవి ఉన్న దారి అది. కడపలో నేను మౌస్ కదిపితే పత్తికొండలో తెర మీద బాణం కదులుతుంది. ఒక్కటే చిక్కు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంటి ఇంటర్నెట్ నంబరు మారిపోతుంది. కొత్త నంబరు తెలియకపోతే దారి తెరుచుకోదు.

అందుకని కంప్యూటర్ ఆన్ కాగానే ఆ నంబరు తెర మీద పెద్దగా కనబడేలా పెట్టి, మా అత్త చెన్నమ్మకు చూపించాను. ఆమెకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం టమోటా మార్కెట్లో గంపల మీద చూసి నేర్చుకుంది.

"మనిషి కడపలో, చెయ్యి ఈడనా? శానా బాగుండాదే పాపా!" అంది. ఆ ఇంట్లో నా పని చూసి బాగుందన్న మొదటి మనిషి ఆమె.

కడప చేరిన నాలుగో రోజు, ఎవరికీ చెప్పకుండా ఒక డిజైన్ ఆఫీసులో ఉద్యోగం అడగడానికి వెళ్లాను. దాని యజమాని దావీదురాజు నా ప్లాన్లు తిరగేశాడు.

"అన్నిట్లో ఇంకొకరి పేరుండాది కదమ్మా. నువ్వే గీసినావని ఎట్లా నమ్మేది? పన్నెండుకు నేను బెంగళూరు పోవల్ల. ఆ లోపల ఎవరినో ఒకరిని తీసుకోవల్ల."

గడియారంలో పదకొండు నలభై.

"ఒక్కో ఇంటికి ముప్పై చిత్తు ప్రతులు మా ఇంటి కంప్యూటర్లో ఉన్నాయి సార్, నా గుర్తులతో సహా. ఇక్కడి నుంచే తెరుస్తాను."

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని నా తాళంచెవి కొట్టాను. దారి తెరుచుకోలేదు. సెల్‌ఫోన్ స్పీకర్ నొక్కి ఇంటికి చేశాను.

"ఇప్పుడే కరెంటొచ్చె, ఉండు" అంది అత్త. నంబరులోని నాలుగు సంఖ్యలూ ఒక్కొక్కటే చదివింది. కొట్టాను. కలవలేదు. పదకొండు నలభై తొమ్మిది.

"మూడోది మళ్లీ చెప్పత్తా."

"నూట ఇరవై ఒకటి. ఇందాక అద్దాలు పెట్టుకోకపోతి!"

తెరుచుకుంది. చిత్తులు ఒక్కొక్కటే తీశాను. దావీదురాజు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అంతలో బాణం నా చేతి నుంచి ఎవరో లాక్కున్నట్టు పక్కకు పోయింది. ఫోన్‌లో మా ఆయన గొంతు.

"పాత చిత్తులు తీస్తాందేందమ్మా? ఎవురికి చూపిస్తాంది? ఆపేస్తాండా."

"చెయ్యి తియ్‌రా శివా!" అత్త అరిచింది. "అది నా కోడలి చెయ్యి. తొమ్మిదేండ్లుగా గీస్తాంటే చూస్తానే ఉండా. ఆ కుర్చీలో నువ్వొక్క దినమన్నా కూసుంటివా?"

బాణం ఆగింది. మళ్లీ నా మాట విన్నది.

దావీదురాజు లేచి సంచీ అందుకున్నాడు. "సోమవారం వస్తావామ్మా?"

"వస్తాను సార్. ఒక్క నిమిషం."

చివరి ప్లాను తెరిచి, బాణాన్ని ఖాళీ గడిలో పెట్టాను. నెమ్మదిగా టైపు చేశాను.

"అక్షరాలు పడతాండాయి" అంది అత్త. "ఏం రాస్తాందిరా?"

అవతల ఆయన కుర్చీ లాక్కున్న చప్పుడు.

"చదువు నాయనా. నాకు రాదు కదా."

తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఆయన గొంతులో నా పేరు విన్నాను.

"హిమబిందు."