ఏడాది మోసే నలికిరి

మా ఆయన విజయభాస్కర్‌కి పెళ్లాం ఒకతి ఉందని గుర్తుచేసేది ఆకలి ఒక్కటే. పడక మైపాడు దగ్గర రొయ్యల గుంట మీదే. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా, గుంటలో ఆక్సిజన్ ఎంతుందని ఫోనులో అడుగుతుంటాడు. ఇంట్లోదానికి ఊపిరాడుతుందో లేదో మాత్రం అడగడు.

కాబట్టి నేను మాట్లాడేది నలికిరితో, పాముపిల్లలా నున్నగా ఉండే ఆ బల్లిజాతి దానితో. పెరట్లో ఉతుకుబండ కింద దాని కాపురం. పొద్దున తొమ్మిదింటికి, నూనె రాసుకున్నట్టు మెరుస్తూ ఎండ కాగడానికి బయటికొస్తుంది. బొద్దింకను విసిరితే నా కాలికి రెండడుగుల దూరం దాకా వస్తుంది. ఈ ఊళ్లో నా కోసం అంత దూరం వచ్చేవాళ్లు తక్కువ.

ఈ జూన్‌లో దాని పొట్ట లావైంది. కావలిలో బీఎస్సీ జువాలజీ చదివి, ఆ చదువును పదహారేళ్లుగా పోపుల డబ్బా పక్కన పెట్టినదాన్ని. ఫోనులో వెతికినా. దక్షిణ అమెరికాలో ఒక రకం నలికిరి ఉందంట. గుడ్డు పెట్టదు. ఆవగింజంత అండాన్ని కడుపులోనే నిలుపుకుని, మనలాగే మాయ ద్వారా తిండి పెట్టి, దాదాపు ఏడాది మోసి పిల్లల్ని కంటుంది. ఏడాది! అన్నాళ్లు ఎవరితో చెప్పుకుంటుందో పాపం. మా పెరట్లోదీ అట్టాంటిదే అని తేల్చేసుకున్నా.

భోజనానికొచ్చిన ఆయనతో అన్నా, "మన నలికిరి పిల్లల్ని కనబోతోంది."

"గుడ్లు పెడతది. గట్లు తవ్వేటప్పుడు ఎన్నిసార్లు చూళ్లేదు నేను? గోడకని తెచ్చిన ఇసక కుప్ప ఉంది చూడు, దాన్ని రెండు నెలలు కదిలించబాక."

"జువాలజీ చదివింది మీరా, నేనా?"

"నువ్వేలే, సుభాషిణమ్మా. మా రొయ్యలకి కూడా వచ్చి పాఠం చెప్పు."

ఆ మాటకే మండింది. మర్నాడే చిన్నపోలయ్యను పనికి పిలిచి ఆ ఇసకంతా పెరట్లో పరిపించినా. కుప్ప సగం తరిగాక పార ఆగింది.

"అమ్మా, ఇందులో ఏందో గుడ్లమ్మా."

తెల్లగా, వేలి కొసంత. తొమ్మిది. ఆరు అప్పటికే చిట్లిపోయినాయి. మిగిలిన మూడింటిని నా చేత్తోనే బండ పక్కన పూడ్చినా. మూడో రోజుకి చీమలు పట్టినాయి.

నలికిరి మళ్లీ కనిపించలేదు. తొమ్మిదింటికి వెళ్లి నిలబడతా. బొద్దింకలు నా ముందే షికారు చేస్తున్నాయి. ఆయనకి చెప్పలేదు. ఆయన మీద నాకున్న పైచేయి ఆ డిగ్రీ ఒక్కటే, అదీ పోతే నా దగ్గర ఇంకేముంది?

పన్నెండో రోజు ఆయన చెయ్యి కడుక్కుంటూ బండ వైపు చూసినాడు.

"నీ స్నేహితురాలు ఏదీ? పురిటికి పుట్టింటికి పోయిందా?"

నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేనేదో ఎదురు అంటానని ఆయన తువ్వాలు పట్టుకుని అట్టే నిలబడినాడు.

"మీరు చెప్పినట్టే గుడ్లు పెట్టింది," అన్నా. "ఆ ఇసకలోనే. పంతానికి నేనే తవ్వించినా. తప్పు నాదే."