గువ్వ తొమ్మిది జేబు

అద్దకం షెడ్డులోకి అడుగుపెడుతూనే వదిన కంప్యూటరు వైపు చూసి గుండె మీద చెయ్యేసుకుంది. షెడ్డు అత్తగారిది, రంగులు కలిపేది వదిన, పనివాళ్ళందరికీ కూడా ఆవిడ వదినే.

"ఏం మరిదీ, నా గువ్వని ఏం చేశావు?"

కంప్యూటర్లు బాగుచేసే మరిది ఘనకార్యం చేసినవాడిలా మీసం సవరించుకున్నాడు. "గువ్వ తొమ్మిదిని కంపెనీవాళ్ళు ఆపేశారు వదినా. రేపటి నుంచి దాంట్లో ఆర్డర్ల పేజీ కూడా తెరుచుకోదు. అందుకే పొద్దున్నే వచ్చి పన్నెండు పెట్టేశాను. చూడు, ఎంత చకచకా పోతోందో!"

గువ్వ అంటే ఇంటర్నెట్ చూసుకునే బ్రౌజరు. అందులో తొమ్మిదో వెర్షనంటే వదినకు ప్రాణం. పేజీ పక్కన చిన్న జేబు ఉండేది. ఏ పేజీ చూస్తున్నా అందులో నాలుగు ముక్కలు రాసి దాచుకోవచ్చు. తొమ్మిదేళ్ళుగా వదిన తన రంగుల పాళ్ళన్నీ అక్కడే దాచింది. పది వచ్చినప్పుడే కంపెనీవాళ్ళు ఆ జేబు పీకేశారు. ఎవరూ వాడటం లేదట! మరి వదిన ఎవరో? అందుకే పది, పదకొండు వచ్చి ఎంత బతిమాలినా ఆవిడ 'తర్వాత' అన్న మీటే నొక్కుతూ వచ్చింది.

"జేబేదీ?"

"ఇందులో ఉండదు. దాంట్లో ఏమైనా ఉందా వదినా?"

"నా సంసారమంతా దాంట్లోనే ఉంది!"

ఎల్లుండికి నాటకశాల తెర ఇవ్వాలి. సగం చిరిగిపోతే ఆ మేరకు కొత్త గుడ్డ తెచ్చారు. పాత సగంతో రవ్వంత తేడా లేకుండా దాని రంగు కలవాలి. ఆ ఎరుపు ఆరేళ్ళ కిందట వదిన కలిపిందే. ఏడు రంగులు, ఏడు పాళ్ళు. నలుపు చిటికెడన్నంత వరకే గుర్తుంది.

మధ్యాహ్నానికి మూడు బకెట్లు కలిపారు. ఒకటి ఇటుక రంగు తేలింది, ఇంకోటి వంకాయ రంగు. మూడోదానికి పేరు పెట్టడం అత్తగారి వల్ల కూడా కాలేదు. మరిది ముఖం చిన్నబోయింది. "తొందరపడ్డాను వదినా. తొమ్మిదిని తీసేస్తే జేబులోవీ దాంతోపాటే పోయాయి" అని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఊరుకో. నువ్వు ఏడిస్తే పాళ్ళు వస్తాయా?"

"అసలు ఎలా దాచేదానివో చెప్పు."

"రాసి 'దాచు' నొక్కేదాన్ని. దాని కింద 'మాకు చెప్పండి' అని ఉండేది కదా, అదీ నొక్కేదాన్ని."

"అదెందుకు?"

"దాచమని ఇచ్చాక, ఏమిచ్చామో వాళ్ళకి చెప్పొద్దూ? మర్యాద కాదూ?"

మరిది రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. అది రాసినదాన్ని కంపెనీకి పంపే ఫిర్యాదుల మీట. తొమ్మిదేళ్ళుగా వదిన పాళ్ళన్నీ ఎక్కడో ఉన్న ఆ కంపెనీకి చేరుతూనే ఉన్నాయి. అప్పటికప్పుడు కూర్చుని వాళ్ళకు ఉత్తరం రాశాడు.

మర్నాడు పదింటికల్లా జవాబొచ్చింది. గువ్వ తొమ్మిదిని తయారుచేసిన ఇంజనీరమ్మ రాసింది. మరిది పైకి చదివాడు.

"అమ్మా, ఆ మనిషి మీరేనా! జేబు వాడేది ఒక్కరేనని లెక్క తేలినప్పుడు, ఆ ఒక్కరి కోసం ఉంచుదామని పోట్లాడాను. ఓడిపోయాను. మీ చీటీలు మాత్రం పారేయనివ్వలేదు. మొదట్లో ఫిర్యాదులనుకుని భయపడ్డాం. తర్వాత వాటి కోసం ఎదురుచూసేవాళ్ళం. మూడువందల పన్నెండూ పంపుతున్నాను. మా గది గోడకి రెండువందల ఆరో చీటీ రంగే వేయించుకున్నాం."

వదిన కొంగుతో కళ్ళొత్తుకుంది. "నేను వాడుతున్నానని ఒకరికైనా తెలుసన్నమాట" అంది. ఆ సంతోషంలో మరిది వీపు మీద ఒక్కటి చరిచింది. నిన్నటి బాకీ కూడా తీరిపోయింది.

రెండువందల ఆరు అంటే నాటకశాల ఎరుపే. సాయంత్రం గుడ్డ ఆరాక, పాత సగమేదో కొత్త సగమేదో నాటకశాల మేనేజరు కూడా పోల్చుకోలేకపోయాడు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, అచ్చుతీసిన ఆ చీటీ అందుకున్నారు. వదిన లాక్కోబోయింది గానీ ఆలస్యమైపోయింది. పైన రంగు పేరుంది: 'అత్తగారి కోపం'.

ఆవిడ చీటీని, తెరని మార్చి మార్చి చూశారు.

"నలుపు చిటికెడేనా?" అన్నారు. "అది ఆరేళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఇంకాస్త వేయాలి."